ఒకటో నెంబరు అగ్గిపెట్టె

మనిషి కడుపులోని ప్రతి మడతనూ తన వేళ్లతో మలిచి, దీపం లేకుండానే అందులోకి చూడగల దేవునికి ముందుగా స్తోత్రం. దాచినదాన్ని ఎరిగి కూడా, దాచినవాణ్ణి వెంటనే శిక్షించక, వాడు నోరు తెరిచేదాకా కాచుకున్న ఆయన ఓర్పుకు స్తోత్రం. ఆ ఓర్పే లేకపోతే ఈ నాలుగు మాటలు రాయడానికి నేను మిగిలేవాణ్ణి కాను.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఒక మిషన్ ఆసుపత్రిలో లాబరేటరీ పని చేశాను. పేరు గొప్పదే. చేసేది మాత్రం కఫం, మూత్రం, మలం, రక్తం చూడటం. పెళ్లిళ్లలో కొత్తవాళ్లు ఎవరైనా "ఏం పని జేస్తాండావప్పా?" అని నన్ను అడిగితే, మా బావ ముందే అందుకుని "అద్దంలో జూస్తాడు" అని తేల్చేసేవాడు. ఏం చూస్తానో చెప్పేవాడు కాదు. పంక్తిలో నా పక్కన కూర్చున్నవాడికి అన్నం సహించాలి కదా.

ఇప్పుడు ఈ పనిలో ఉన్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. "తాతా, ఇన్ని మిషన్లు లేని కాలంలో ఎట్లా చేసేవారు?" అని అడుగుతారు. మిషన్లు లేక చేసిన తప్పులు ఏవో కొన్ని ఉంటాయి, వాటిని దేవుడు క్షమించాడనే నమ్ముతున్నాను. నోరు తెరవక చేసిన తప్పు ఒకటుంది. ఆ తప్పు గురించి ఇన్నాళ్లూ ప్రార్థనలో చెప్పుకున్నానే గాని కాగితం మీద పెట్టలేదు.

కర్నూలు రాజధాని అయి, అక్కడ కచేరీలు డేరాల కింద నడుస్తున్న రోజులవి. మా ఆసుపత్రి బనగానపల్లెకు పోయే బాట మీద, నాపరాయి గనుల నడుమ ఉండేది. మా ఊళ్లో గోడలు నాపరాయి, ఇంటి కప్పులు నాపరాయి, నా లాబరేటరీ బల్ల కూడా నాపబండే. ఎండాకాలం దాని మీద మోచెయ్యి ఆనించలేకపోయేవాణ్ణి.

మా డాక్టరమ్మ అరవదేశం మనిషి. పెళ్లి చేసుకోలేదు. తెలుగు ఆమెకు లేఖనాల నుండి వచ్చింది గాని ఊరి నుండి రాలేదు. అందుకని రోగులతో కూడా వాక్యం చదివినట్టే మాట్లాడేది. "నీ కడుపు ఎన్ని దినములనుండి నిన్ను బాధించుచున్నది?" అని అడిగితే, గని పని చేసే ఆడవాళ్లు తలమీద కొంగు కప్పుకుని, "ప్రార్థన అయినాక చెప్తాం లేమ్మా" అనేవారు.

ఆ ఏడు కడుపు కుండలా ఉబ్బి, పేగు మూసుకుపోయి ముగ్గురు వచ్చారు. ముగ్గురినీ ఆమె కోసి చూసింది. ముగ్గురికీ పెద్దపేగులో క్యాన్సరు గడ్డ, చుట్టుపక్కల అంతా పాకిపోయి ఉంది. ఏమీ చేయలేక మళ్లీ కుట్టేసింది. మూడో మనిషిని సమాధి చేసిన మర్నాడు లాబరేటరీలోకి వచ్చి నా ఎదుట ముక్కాలి పీట మీద కూర్చుంది.

"వీరు నొప్పితో మన యొద్దకు వచ్చుచున్నారు. నొప్పి వచ్చునప్పటికి కాలము మించిపోవుచున్నది. నొప్పి లేనప్పుడే మనము వీరి యొద్దకు పోవలెను."

"నొప్పి లేనోళ్లు మనల్ని ఎందుకు రానిస్తారమ్మా?" అన్నాను.

"అది నీవు కనుగొనుము" అంది.

ఆమె చెప్పిన సంగతి ఇది. ఆ గడ్డ మొదట చిన్న బొడిపెలా పుడుతుంది. నొప్పి పుట్టడానికి చాలా ముందే దాని నుండి కొంచెం కొంచెం రక్తం ఊరి మలంలో కలుస్తుంది. కంటికి కనపడదు. నలభై దాటిన ప్రతి మనిషీ అగ్గిపెట్టెలో కొద్దిగా మలం తెచ్చి ఇస్తే, గాజుపలక మీద పూసి, ఒక పొడి కలిపిన ఆసిడ్ చుక్క, దాని మీద పెరాక్సైడ్ చుక్క వేయాలి. రక్తం ఉంటే నీలం తేలుతుంది. నీలం తేలినవాళ్లను డాక్టరమ్మ ముందు వేలితో, తర్వాత చివర చిన్న దీపం ఉన్న గొట్టంతో చూస్తుంది. నీలం వస్తే గడ్డ ఉన్నట్టు కాదు, వెదకమని అర్థం. రాకపోతే గడ్డ లేనట్టూ కాదు, వచ్చే ఏడు మళ్లీ తెమ్మని అర్థం. అంతే పరీక్ష. (ఆ పొడి మనుషులకు క్యాన్సరు తెస్తుందని తర్వాతి కాలంలో తేలి వాడటం మానేశారు. నేను దాన్ని చేత్తో తీసి చేత్తో కలిపినవాణ్ణే. నన్ను వదిలి ఇతరులను ఎందుకు తీసుకున్నాడో ప్రభువుకే తెలియాలి.)

ముందు మా సంఘంతోనే మొదలుపెట్టాం. వాళ్లయితే మాట వింటారని నా ధీమా. అయితే నేను ఎంచుకున్న రోజు, కోతల పండుగ మర్నాడు. పండుగకు నాలుగు మేకలు కోశారు. నెత్తురు కూడా పారేయకుండా ఉల్లిగడ్డ వేసి వేయించి అందరికీ వడ్డించారు. నేను కూడా రెండు మార్లు పెట్టించుకున్నాను. మర్నాడు వచ్చిన పెట్టెలన్నీ నీలమే. ఒక్కటి మిగల్లేదు. డాక్టరమ్మ ఆ పలకల వరసను చివరిదాకా ఒక్కొక్కటే చూసింది. గనిలో బండలు మోసే ఒక అక్క అప్పుడు కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఎవరినైనా ఎంతమాటైనా అనగల మనిషి.

"ఏమప్పా, రోగం మాకుండాదా, మేకలకుండాదా? కనుక్కోని చెప్పు" అంది.

ఆ మాట పొద్దుగూకే లోపల ఊరంతా తిరిగింది. మాంసం తిన్నా, పచ్చి ముల్లంగి తిన్నా నీలం వస్తుందనీ, మూడు రోజులు అవి మానేసి తేవాలనీ డాక్టరమ్మ చెప్పింది. కాని ఎవరు తెస్తారు? నేను వీధిలో కనపడితే పిల్లలు మేకలా అరిచేవాళ్లు.

అప్పుడు అయ్యవారి దగ్గరికి పోయాను.

అయ్యవారు మా సంఘ పెద్ద. మిషన్ బడిలో పంతులుగా చేసి విరమించినవాడు. తల్లిదండ్రులు లేని నన్ను బడిలో చేర్చి, పలక మీద నా వేలు పట్టి దిద్దించినవాడు. ఆయన భార్యను నేను అమ్మా అనే పిలిచేవాణ్ణి. ఆమె చేతి సంకటి తినే పెరిగాను. అయ్యవారికి పళ్లన్నీ ఊడిపోయాయి. ఆ ఏడాదిగా అరగడం లేదని పప్పు గింజ కూడా మానేసి, రాగి అంబలీ మజ్జిగే తాగుతున్నాడు. అయినా మందిరంలో లేచి నిలబడితే వెనక గోడ దాకా ఆయన గొంతు వినపడేది.

నేను సంగతి చెప్పాను. ఆయన ముఖం మాడ్చుకున్నాడు.

"ఏమప్పా, దేవుని మందిరంలో నిలబడి దాని గురించి చెప్పమంటావా?"

"మీరు చెప్తే ఇంటారు అయ్యవారూ. నేను చెప్తే నవ్వుతాండారు."

"నవ్వరా మరి? యాట నెత్తురుకు రోగమని పేరు పెడితివి."

లోపల చేటలో కొర్రలు చెరుగుతున్న అమ్మ అంది: "చెప్పండి, ఏం పోతాది? కడుపు అందరికీ ఉండేదే గదా. మీరొక్కరే ఆకాశంలోనించి దిగినట్టు."

"నువ్వు ఊరుకో" అన్నాడు అయ్యవారు. కాని ఆదివారం చెప్పాడు. ఎట్లా చెప్పాడు! చేతిలో ఖాళీ అగ్గిపెట్టె పట్టుకుని, దేవుడు చేసిన శరీరంలో సిగ్గుపడవలసిన భాగం ఒకటీ లేదనీ, మొదటి మనుషులు తప్పు చేశాకే చెట్ల చాటున దాక్కోవడం నేర్చుకున్నారనీ, మనం కూడా ఇంకా ఆ చెట్ల చాటునే ఉన్నామనీ చెప్పాడు. చివర పెట్టె పైకెత్తి, "రేపు పొద్దున్నే ఒకటో నెంబరు పెట్టె నాది" అన్నాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. డాక్టరమ్మ ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చుని గట్టిగా ఆమేన్ అంది.

నాలుగో రోజు పొద్దున నా నాపబల్ల మీద అగ్గిపెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. మూడు రోజుల పథ్యం అయ్యాక తెమ్మన్నాం కాబట్టి సోమవారానికి బదులు గురువారం అయింది. అయ్యవారు తానే వచ్చాడు. తువ్వాలు కొంగులో కట్టిన రెండు పెట్టెలు విప్పి పెట్టాడు. ఒకటో నెంబరు తనది, రెండో నెంబరు అమ్మది. నా వైపు చూడకుండా "జూడప్పా" అని వెళ్లిపోయాడు.

నేను ప్రతి పెట్టెనూ రెండు విధాల చూసేవాణ్ణి. నీలం పరీక్ష ఒకటి. పురుగుల గుడ్ల కోసం సూక్ష్మదర్శినిలో ఒకటి. ముందు రెండో నెంబరు చూశాను. నీలం రాలేదు. అద్దంలో బద్దెపురుగు గుడ్లు కనపడ్డాయి. మా వైపు అవి అరుదు, అమ్మకు మందు ఇవ్వాలనుకుని రాసుకున్నాను. తర్వాత ఒకటో నెంబరు. అదీ నీలం రాలేదు. అద్దంలో పెట్టి చూశాను. అవే బద్దెపురుగు గుడ్లు. సరే, ఒకే ఇల్లు, ఉండవచ్చు. కాని ఆ పెట్టెలో మామూలు కంటికే కనపడుతున్నవి అలసంద పొట్టులు. రెండు పెట్టెల్లోనూ ఒకటే తీరు, ఒకటే రంగు.

అయ్యవారు అలసందలు తిని ఏడాది అయింది.

నాకు వెంటనే అర్థమైంది. చెట్ల చాటు నుండి బయటికి రమ్మని అందరినీ పిలిచిన మనిషి తాను రాలేకపోయాడు. భార్యది రెండు పెట్టెల్లో పెట్టించి తెచ్చాడు. నాకు నవ్వు కూడా వచ్చింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు చచ్చిపోతుంది.

నేను చేయవలసింది తెలియనిది కాదు. ఖాళీ పెట్టె ఒకటి పట్టుకుని ఆయన ఇంటికి నడిచిపోయి, "అయ్యవారూ, ఇది మీది కాదు, మీది ఇయ్యండి" అనాలి. పది నిమిషాల నడక. పోలేదు. నాకు అక్షరం నేర్పినవాణ్ణి, మలం విషయంలో అబద్ధమాడావని ఎట్లా అడగడం? ఆయనకు నొప్పి లేదు కదా, వచ్చే ఏడు అడుగుదాంలే అనుకున్నాను. దాన్ని గౌరవం అనుకున్నాను. రిజిస్టరులో ఒకటో నెంబరు ఎదుట 'రక్తం లేదు' అని రాసి సంతకం చేశాను. చీటీ కూడా రాసి సాయంత్రం ఆయనకే ఇచ్చి వచ్చాను. ఆయన దాన్ని మడిచి లేఖనాల పుస్తకంలో పెట్టుకున్నాడు. ఇద్దరం నేల చూపులే చూశాం.

ఆ వారం పెట్టెల్లో ఒకటి మాత్రం నీలం వచ్చింది. మూడు మార్లు చేసినా నీలమే. అది బండలు మోసే అక్కది. డాక్టరమ్మ గొట్టంతో చూసింది. లోపల రేగుపండంత గడ్డ, ఇంకా ఒకచోటే ఉంది. మద్రాసు పెద్ద ఆసుపత్రికి పొమ్మంది. ఆమె మొగుడు ఎగిరాడు.

"నొప్పి ల్యాకుండా మద్రాసు పొయ్యేది యాడన్నా ఉండాదా?"

"నొప్పి వచ్చినాక పోతే నువ్వే నన్ను మొయ్యాల" అంది అక్క. "నీకు నాపబండే లేవదు. నేనేం లేస్తా?"

కడపలో రైలెక్కించి పంపాం. నెలన్నరకు తిరిగి వచ్చింది. మందిరంలో సాక్ష్యం చెప్పమంటే లేచి, "నాకు యాడా నొప్పి ల్యాకుండా ఉండె. కోసినారు. ఇప్పుడు కోసిన తావున నొప్పి. దేవునికి స్తోత్రం" అని కూర్చుంది. అందరూ నవ్వారు. ఆమె నేను ఉద్యోగం విరమించిన ఏడు కూడా బతికే ఉంది. మనవరాలి పెళ్లికి నన్ను పిలిచి, పంక్తి మొదట కూర్చోబెట్టింది. ఆ పరీక్ష పనిచేస్తుందా లేదా అని ఎవరన్నా అడిగితే నా దగ్గరున్న జవాబు ఆ పంక్తిలో నాకు వేసిన మొదటి విస్తరి.

ఆమె బతికి రావడం చూసి పక్క ఊళ్ల నుండి కూడా పెట్టెలు వచ్చాయి. అన్నీ అయ్యవారి ఒకటో నెంబరు వెనకే వచ్చినవి. ఎవరైనా వెనకాడితే నేనే అనేవాణ్ణి, "అయ్యవారే ఇచ్చె, నీకేమప్పా?" అని. అబద్ధానికి ఎరువు వేసి పంట తీస్తున్నానని తెలిసే అన్నాను.

బాట మీద మామిడి పండ్ల బండ్లు పోయే కాలం వచ్చింది. అయ్యవారి చొక్కా ఆయనకు వదులైపోయింది. మొలలు అని ఆకుమందు తింటున్నాడని అమ్మ చెప్పింది. రక్తం పడుతోందని మెల్లగా అంది. నేను పోయి, "డాక్టరమ్మకు చూపించుకోండి అయ్యవారూ" అన్నాను.

"నీ చీటీ ఉండాది గదప్పా, రక్తం ల్యాదని" అన్నాడు.

ఆయన ముఖంలోకి చూశాను. ఆయనకు తెలుసు. అయినా ఆ మాట అనేటప్పుడు నమ్మినట్టే అన్నాడు. తాను చేసిన మోసాన్ని తానే మరిచిపోయి, నా సంతకాన్ని నమ్ముకున్నాడేమో. 'ఆ చీటీ మీది కాదు, అమ్మది' అనే మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. అమ్మ మజ్జిగ తెచ్చింది. తాగి వచ్చేశాను.

తొలకరి పడ్డాక ఒక పొద్దున ఆయన్ను ఎద్దుల బండి మీద ఆసుపత్రికి తెచ్చారు. కడుపు కుండలా ఉంది. ఆ ఏడు వచ్చిన ముగ్గురూ ఎట్లా వచ్చారో అట్లాగే. డాక్టరమ్మ కోసింది. గడ్డ తీయడానికి లేదు. కాలేయం దాకా పాకింది. పేగుకు కడుపు మీద దారి ఒకటి చేసి కుట్టింది.

మధ్యాహ్నం ఆమె లాబరేటరీలోకి వచ్చింది. నేను గాజుపలకలు కడుగుతున్నాను. రిజిస్టరు తెరిచి, మొదటి పేజీలో వేలు పెట్టింది. ఒకటో నెంబరు, రక్తం లేదు, నా సంతకం.

"ఈ పరీక్ష మనలను మోసగించెను" అంది. "ఎనిమిది నెలల క్రిందట ఇంత గడ్డకు రక్తము లేకుండుట ఎట్లు? దీనిని నమ్మి మనము జనులను ధైర్యపరచితిమి. ఇక దీనిని మానివేయుదము. ఇతర ఆసుపత్రులవారు నన్ను అడిగియున్నారు. వారికిని వ్రాసెదను."

ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. తన వల్లే ఆ మనిషి చస్తున్నాడని అనుకుంటోంది. నేను నోరు తెరిస్తే ఆ బరువు అప్పుడే ఆమె మీద నుంచి దిగిపోయేది.

"అట్లాగేనమ్మా" అన్నాను.

నేను నిజం మింగింది అది మూడో మారు. ప్రభువును ఎరగనని మూడు మార్లు బొంకిన శిష్యుడికి కోడి కూత వినపడింది. నాకు కోడి కూసిందో లేదో వినపడలేదు. చేతిలో పలక ఒకటి పగిలి వేలు తెగింది. ఆ రక్తం చూసి ఆమే కట్టు కట్టింది.

అయ్యవారు పందొమ్మిది రోజులు బతికాడు. ఒక సాయంత్రం ఆయన మంచం దగ్గర నేనొక్కణ్ణే ఉన్నాను. కళ్లు మూసుకునే అడిగాడు.

"ఆ పొద్దు నువ్వు జూసినావా?"

"జూసినా అయ్యవారూ."

"నాది కాదని తెలిసెనా?"

"తెలిసె. అలసంద పొట్టు."

ఆయన పెదాలు కదిలాయి. నవ్వాడనుకుంటాను. "మీ అమ్మకు గుగ్గిళ్లంటే శానా ఇష్టం" అన్నాడు. కళ్లు తెరిచి, "మరి అడగల్యా నన్ను?"

"ఎట్లడగాల అయ్యవారూ, మిమ్మల్ని?"

"నీకు అక్షరాలు నేర్పిచ్చినా" అన్నాడు. "అడిగేది నేర్పియ్యల్యా. నా తప్పే అది." ఆ తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆ పరీక్ష ఆపినారంట గదా. ఆపొద్దని చెప్పు ఆయమ్మకు. తప్పు దానిది కాదు, నాది. నువ్వే చెప్పాల."

"చెప్తా" అన్నాను.

చెప్పలేదు. ఆయన బతికుండగా ఆయన పరువు తీయడం ఎందుకు అనుకున్నాను. చనిపోయాక, చనిపోయినవాడి పరువు తీయడం ఎందుకు అనుకున్నాను. నిజానికి కాపాడుకుంటున్నది ఎవరి పరువో దేవునికి తెలుసు.

సమాధి చేసిన తర్వాతి ఆదివారం ఆరాధన ముగిసి, చివరి ప్రార్థనకు అందరూ తలలు వంచబోతుంటే అమ్మ లేచి నిలబడింది. తెల్లచీర కొంగు రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"ఒక మాట. ఒకటో నెంబరు పెట్టె ఆయనది కాదు. నాది. ఆయనకు సిగ్గయ్యి నన్ను అడిగె. నేను మాట జవదాటల్యా. రెండు పెట్టెల్లో నాదే పెట్టిస్తి. ఆయనకు రక్తం ల్యాదని చీటీ వచ్చె. ఆ చీటీ జూసుకుంటానే ఆయన పాయె. నేను నా మొగుని మాట ఇన్నా. దేవుని మాట ఇనల్యా."

అప్పుడు మగవాళ్ల వైపు నుండి ఒక ముసలాయన మెల్లగా, "నాది కూడా మా కోడలిది" అన్నాడు. ఇంకొకరు లేచారు. "మా తమ్మునిది." మూడోవాడు లేచి, ఎవరిదో చెప్పలేక కూర్చున్నాడు. ఆడవాళ్లలో ఇద్దరు కొంగు నోటికడ్డం పెట్టుకుని తల వంచారు. మేం రాసిపెట్టిన రిజిస్టరంతా అక్కడ పేజీ పేజీగా రాలిపోతోంది.

"నాది మాత్రం నాదే!" అని బండల అక్క అరిచింది. "కోసింది జూపియ్యాల్నా?"

ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా నవ్వించడానికి అనలేదు. అని ఏడ్చింది.

డాక్టరమ్మ చాప మీద నుండి లేచింది. అమ్మ దగ్గరికి పోతుందనుకున్నాను. నడవ దాటి మగవాళ్ల వైపు నా ఎదుటికి వచ్చి నిలబడింది. పురుగుల గుడ్లు కూడా నేను చూస్తాననీ, రెండు పెట్టెల్లోదీ ఒక్కరిదే అయితే నా కంట పడకపోదనీ ఆమెకు తెలుసు.

"నీవు దీనిని ఎరుగుదువా?"

రోగులు నవ్వుకునే ఆ తెలుగు నాకు ఆ పూట నవ్వు పుట్టించలేదు. మనిషి దాక్కున్న తోటలోకి వచ్చి పిలిచిన గొంతు ఎట్లా ఉంటుందో నాకు తెలిసింది.

"ఎరుగుదునమ్మా. మొదటి దినమునుండి."

ఆమె కొట్టినా బాగుండేది. "అయితే రమ్ము" అని లాబరేటరీకి తీసుకుపోయింది. రిజిస్టరు తెరిచి, ఎర్ర సిరా కలం నా చేతికిచ్చింది. ఒకటో నెంబరు ఎదుట ఆమె చెప్పినట్టు రాశాను: 'ఈ పెట్టె ఈ మనిషిది కాదు. ఇది నాకు తెలుసు. తెలిసి చెప్పలేదు.' కింద సంతకం. ఆ అక్షరాలు అయ్యవారు దిద్దించిన గుండ్రటి అక్షరాలే.

ఇతర ఆసుపత్రులకు ఆమె అప్పటికే ఉత్తరాలు రాసేసింది. మళ్లీ రాసింది, తప్పు పరీక్షది కాదని. ఒకచోట నుండి కూడా జవాబు రాలేదు. చల్లారిన పొయ్యిని మళ్లీ రాజేయడం కష్టం. ఆ ఊళ్లలో పెట్టె తేవలసిన మనుషులు ఎందరు, వాళ్లలో రేగుపండంత గడ్డతో నొప్పి లేకుండా తిరుగుతున్నవాళ్లు ఎందరు, నాకు ఎప్పటికీ తెలియదు. ఈ పనిలో భయం అదే పిల్లలారా. కాపాడినవాళ్లలో ఒకరిద్దరు పెళ్లికి పిలుస్తారు. పోగొట్టినవాళ్లు ఎవరో కూడా మనకు చెప్పరు.

మా దగ్గర మాత్రం పరీక్ష మళ్లీ మొదలైంది. పాత రిజిస్టరు మొత్తం కొట్టేసి, కొత్తది తెరిచాం. డాక్టరమ్మ ఒక్క నియమం పెట్టింది. ఏ ఏడైనా ఒకటో నెంబరు పెట్టె లాబరేటరీ మనిషిది. నాకు నలభై రాలేదన్నాను. "నీకు వయస్సు వచ్చియున్నది" అంది.

మూడు రోజులు పథ్యం చేసి, నాలుగో పొద్దున నా పెట్టె తీసుకుని బయలుదేరాను. తువ్వాలులో కట్టుకోలేదు. అరచేతిలో పెట్టుకుని, మందిరం వీధి గుండా, గనికి పోయే మనుషుల మధ్య నడిచాను. "ఏమప్పా, బీడీకి అగ్గి ఇస్తావా?" అని ఒకడు అడిగాడు. ఏముందో చెప్పాను. వాడు పక్కకు తప్పుకున్నాడు. పది నిమిషాల నడక. అయ్యవారింటికి ఆ రోజు నేను నడవని పది నిమిషాలు అవే.

లాబరేటరీ వసారాలో అమ్మ నాకంటే ముందే వచ్చి గడప మీద కూర్చుని ఉంది. నేను నా పెట్టె నాపబల్ల మీద పెట్టి ఒకటి అని రాశాను. ఆమె లేచి, తన పెట్టె దాని పక్కన పెట్టింది.

"రెండు వెయ్యి నాయనా" అంది. "ఈసారి ఒక్కటే తెచ్చినా."

ఇప్పుడు ఇంతకంటే మంచి పరీక్షలు వచ్చాయి. వంగే గొట్టాలు వచ్చాయి. వాటిని చేసే మీ చేతులు నా చేతుల కంటే నేర్పుగలవి. కాని మనిషి తనది తాను ఇవ్వకపోతే, చూసినవాడు చూసింది చెప్పకపోతే, ఎంత గొప్ప పరీక్షకైనా ఆ గతే. అందుకని చదివే బిడ్డలారా, పుస్తకం ఒక్క క్షణం మూసి నాతోపాటు తల వంచండి. అలసంద పొట్టు కనపడ్డప్పుడు లేచి నడిచే కాళ్లు ఇమ్మని అడుగుదాం. మనం గౌరవించేవారిని అడగగల నాలుక ఇమ్మని అడుగుదాం. నేను పేర్లు ఎరగని ఆ ఊళ్ల మనుషుల కోసం, నా మౌనం పోగొట్టిన వాళ్ల కోసం, క్షమించమని నా పక్షాన మీరు అడగండి. నేను అడిగి అడిగి అలిసిపోయాను. మీరు కూడా అడిగితే ఆయన వింటాడేమో.